బంద్ పెట్టిన కిస్తు, దుప్పటి కప్పిన ఇల్లు

రండి, ఇట్లా చాప మీదికి జరిగి కూర్చోండి. ఆ ఫోను బోర్లించి పక్కన పెట్టండి, మోగితే మోగనీయండి. ఇండ్ల అప్పులిచ్చే ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్నారు మీరు. పెద్ద సార్లు మీకు వడ్డీ లెక్క నేర్పుతారు, కంప్యూటర్ నేర్పుతారు. ఒకరి గడప ముందు నిలబడి ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ నేర్పరు. అది నేను చెబుతాను. నేను చదివింది ఏడో తరగతి. అయినా ఏ ఇంటి తలుపు ఏ రంగో, ఏ ఇంట్లో ఎవరు చాయలో చక్కెర వద్దంటారో ఇప్పటికీ నాకు నోటికి ఉంది.

నా కొలువు

కరీంనగర్‌లో బస్టాండుకు కొంచెం దూరంలో మా ఆఫీసు. ఇల్లు కట్టుకునేవాళ్లకు అప్పులిచ్చే కంపెనీ. దాని పేరు మనకు వద్దు. నేను అక్కడ అటెండరును. పొద్దున తాళం తీయడం, బల్లలు తుడవడం, మంచినీళ్లు పట్టడం, ఫైళ్లు అందించడం. కాగితం మీద ఇదీ నా పని. అసలు పని వేరే.

కిస్తు ఆగిన ఇంటికి మా సార్లు పోతే తలుపు తీసేవారు కాదు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి కనబడగానే "ఇంట్ల ఎవ్వలు లేరు" అని ఇంట్లో ఉన్నవాళ్లే చెప్పేవారు. ఒకసారి ఒక ముసలాయన అట్లా చెప్పి, మా సారు వెనక్కి తిరగగానే "సారూ, ఎండల వడి వచ్చిండ్రు, నీళ్లు తాగి పోరి" అని మళ్లీ లోపలి నుంచే పిలిచాడు. అప్పుడు ఒక పాత మేనేజరుకు ఆలోచన తట్టింది. చంద్రవ్వను వెంట తీసుకుపోదాం, ఆడమనిషి గొంతు వింటే ఆడవాళ్లు తలుపు తీస్తారు అని. నిజంగానే తీశారు. అప్పటి నుంచి జీతం అటెండరుదే గానీ, జగిత్యాల నుంచి ఆదిలాబాద్ దాకా జీపులో ముందు సీటు నాది. అప్పు తీసుకున్నవాళ్లందరికీ నేను చంద్రక్కను.

ఆ పాత మేనేజరు మంచివాడే. ఒక్క చెడ్డ పాఠం నేర్పాడు నాకు. "చంద్రవ్వా, ముందుగాల మంచి మాట జెప్పు. చెడ్డ మాట కాయితంల ఉంటది, వాళ్లే సదువుకుంటరు" అనేవాడు. కాగితం ఎవరూ చదవరని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా చాలా ఏండ్లు నేను దాన్నే పట్టుకుని బతికాను. ఎంతమంది నన్ను మెచ్చుకున్నారో చెప్పలేను. మంచి మాట మాత్రమే మోసుకుపోయే మనిషిని ఎవరు మెచ్చుకోరు?

కిస్తు బంద్

కరోనా వచ్చిన ఏడాది సంగతి. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, పెండ్లిండ్లు ఆగాయి. అప్పుడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంటి అప్పు ఉన్నవాళ్లు కావాలంటే మూడు నెలలు కిస్తు కట్టకుండా ఉండవచ్చు. దానికి ఆఫీసులో మారటోరియం అని పేరు. ఆ మాటకు నా నాలుక తిరగడానికే వారం పట్టింది. నేను "కిస్తు బంద్" అన్నాను. జనమూ అదే అన్నారు.

ఇక్కడ మీకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది మాఫీ కాదు. కిస్తు ఆగుతుంది, వడ్డీ ఆగదు. ఆ నెలల వడ్డీ పోయి అసలు మీద కూర్చుంటుంది. చివర్లో ఇంకొన్ని నెలలు ఎక్కువ కట్టుకోవాలి. పని లేని రోజుల్లో అట్లా ఆపుకోవడం తప్పేమీ కాదు, ఎన్నో కొంపలు దానితోనే నిలబడ్డాయి. అయితే ఆ రెండో సగం చెప్పి మరీ ఇవ్వాలి.

ఆఫీసుకు పోయే వీలు లేదు గనక మా సార్లు నాకు ఒక జాబితా పంపి, ఇంటి నుంచే ఫోన్లు చేయమన్నారు. నీ గొంతయితే ఎత్తుతారు అన్నారు. ఎత్తారు. ఎత్తి ఏం మాట్లాడారో వినండి.

బాసర దగ్గర పూజా సామాను అమ్మే ఒకాయన, "అక్కా, బంద్ ఎన్నడు షురూ జెయ్యాలె? మంగళారం వద్దు. మంగళారం మొదలువెడితె కట్టకపోవుడే అలవాటైతది" అన్నాడు. పంతులును అడిగి చెబుతానని నాలుగు రోజులు తిప్పాడు. శుక్రవారం పొద్దున ఏడు దాటాక ఫోన్ చేసి, "ఇగో, ఇప్పటిసంది కడ్తలేను" అన్నాడు. వెనుక గంట మోగుతున్నది.

ఆదిలాబాద్ పత్తి వ్యాపారి ఒకాయన మరాఠీవాళ్ల లెక్క నన్ను తాయి, అంటే అక్క, అని పిలుస్తాడు. "తాయీ, నాకు అక్కెర లేదు. నా మూన్నెల్లు మా బామ్మర్దికి రాయి. ఆయినకు ఆరైతయి" అన్నాడు. అట్లా రాయడానికి లేదంటే, "మరి ఏం ఆఫీసు మీది, సొంత బామ్మర్దికి ఇచ్చుకోరానిది గూడ ఓ సౌలతేనా" అని కోపానికి వచ్చాడు.

కొండగట్టు దారిలో హోటల్ నడిపే ఇంకొకాయనకు కిస్తు కట్టకపోతే నిద్ర పట్టదట. "పైసలైతె లేవక్కా. కట్టినట్టు రాసుకోరి. నేను కట్టిన్ననుకుంట" అన్నాడు.

వీళ్లందరితో మాట్లాడి మాట్లాడి నా నోరు ఎండిపోయింది. అప్పుడు జాబితాలో రాజేశం పేరు వచ్చింది.

రాజేశానికి నేను చెప్పిన మాట

రాజేశంది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచాలు పెట్టిన రేకుల షెడ్డు కార్ఖానా. సాంచాల యజమాని ఆసామి. రాజేశానికి సొంత సాంచాలు లేవు, ఒక ఆసామి కార్ఖానాలో కూలికి నడుపుతాడు. ఆ కార్ఖానాకు ఎదురుగా, రోడ్డు దాటితే, మా అప్పుతో కట్టుకున్న రెండు గదుల ఇల్లు. భార్య సుగుణ బీడీలు చేస్తుంది. ముసలి తల్లి ఉంది. ఏడేండ్లుగా ఒక్క నెల తప్పకుండా కట్టాడు. కిస్తు కట్టే రోజు తలస్నానం చేసి వచ్చేవాడు. రసీదును రెండు చేతులతో తీసుకుని కళ్లకు అద్దుకునే మనిషిని నా కొలువులో అతన్నొక్కన్నే చూశాను.

"రాజేశం, ఎట్లున్నరు? పైసలున్నయా?" అన్నాను ఫోన్లో.

"యాడియక్కా. సాంచాలు బందై ఇరవై దినాలాయె. ఆసామి మొకం గూడ సూపెడ్తలేడు. కిస్తు తారీఖు దగ్గరవడ్తుంటె పాణం గుంజుతుంది."

"ఫికర్ జెయ్యకు. మూన్నెల్లు కిస్తు బంద్."

"బంద్ అంటె?"

"బంద్ అంటె బందే. కట్టుడు లేదు."

"మరి ఇల్లు?"

"ఇల్లేమైతది? ఉంటది."

"గది గాదక్కా. కట్టకుంట ఎట్ల?"

అతనికి ఎక్కడం లేదు. నాకు ఇంకా పదిమందికి ఫోన్ చేయాలి. వాళ్ల పనిలో నుంచే ఒక పోలిక తెచ్చాను. సిరిసిల్లలో నేను చూసిందే. పని లేక సాంచా ఆగితే దుమ్ము పడకుండా దాని మీద పాత దుప్పటి కప్పుతారు. మళ్లీ పని మొదలై ఆసామి వచ్చి ఆ దుప్పటి తీసేదాకా రాజేశం లాంటి పాత కార్మికులు దాని మీద చెయ్యి కూడా ఆనించరు. చొక్కా ఆరేయరు. కూలి నడవని సాంచా తమది కాదని వాళ్ల పట్టింపు.

ఇదంతా తెలిసే అన్నాను. "నీ సాంచాకు దుప్పటి గప్పిండ్రు గదా? గట్లనే ఆఫీసోల్లు నీ కిస్తుకు గూడ దుప్పటి గప్పిండ్రనుకో. మల్ల మేం జెప్పిన్నాడు తియ్యాలె. అప్పటిదాంక రందివెట్టుకోకు."

దుప్పటి, దుప్పటి అని తనలో తానే గొణుక్కున్నాడు. తర్వాత, "ఇప్పుడు సమజైందక్కా" అన్నాడు.

జాబితా పక్కన పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంది, వడ్డీ నడుచునని తప్పక తెలుపవలెను అని. ఆ మాట నోటి దాకా వచ్చింది. పాపం, ఇరవై రోజులుగా కూలి లేని మనిషికి ఇది కూడానా అనిపించి మింగేశాను. ఫోన్ పెట్టేసి, ఈ పూట పుణ్యం చేశానని చాయ పెట్టుకుని తాగాను.

మేనేజరు సారు తెచ్చిన సాక్షి

లాక్‌డౌన్ సడలించి ఆఫీసు తెరిచే సమయానికి నేను జ్వరంతో పడ్డాను. రెండు వారాలు ఇల్లు కదలలేదు. అప్పటికి మాకు కొత్త మేనేజరు వచ్చి ఉన్నాడు. ప్రసాద్ సారు. కోస్తా వైపు ఆయన. మనసు చెడ్డది కాదు, అనుమానం ఎక్కువ. చాయలో ఈగ పడితే, అది ఎవరి మనిషని అడిగే రకం. కిస్తులు ఆపుకున్నవాళ్లు ఇండ్లలోనే ఉన్నారా, వదిలి పోయారా చూసి రమ్మని పైవాళ్లు అడిగితే తానే బయలుదేరాడు.

నేను తిరిగి కొలువుకు పోయిన రోజు ఆయన బల్ల మీద రాజేశం ఫైలు ఉంది. దాని మీద ఎర్ర సిరా.

"ఏం సార్ ఇది?"

"మీ సిరిసిల్ల పెద్దమనిషేనమ్మా. పరారీ. ఇంటికి తాళం. తలుపు మీద దుప్పటి కూడా కొట్టేసి పోయారు. పైగా బ్యాంకు వాళ్లు ఆ ఇల్లు మూయించారట. మనం మూయించలేదుగా? అంటే ఇదే ఇంటి మీద ఇంకోచోట అప్పు తెచ్చాడన్నమాట. నోటీసు అంటించి వచ్చాను. వారంలోపు మనిషి ఇంట్లో కాపురం ఉన్నట్టు చూపించకపోతే అప్పంతా ఒక్కసారి కట్టమంటాం. కట్టకపోతే వేలమే."

"బ్యాంకోల్లు మూయించిండ్రని ఎవరు జెప్పిండ్రు సార్?"

"ఎదురు షెడ్డులో ఒకాయన. ఎంత మర్యాదస్తుడో! అడగ్గానే సాక్షి సంతకం కూడా పెట్టాడు. ఇదిగో."

ఫైలు నా వైపు తిప్పాడు. ఈ ఇంట్లో రెండు నెలలుగా ఒక్క మనిషి కూడా అడుగు పెట్టలేదు అని సారు చేతిరాత. కింద సాక్షి సంతకం. ఏడేండ్లు రసీదు పుస్తకంలో చూసిన సంతకం. 'రా' కడుపు పెద్దగా, చివర కింద రెండు గీతలు.

"ఈయిన పేరేంది సార్?"

"అడగలేదు. మొహానికి మాస్కుంది. సాక్షి సంతకమే కదా."

రాజేశం ఇల్లు ఖాళీగా ఉందని రాజేశమే సాక్ష్యం ఇచ్చాడు.

అప్పుడే చెప్పేస్తే, ఇందులో ఏదో మోసం ఉందని సారు మొదలుపెడతాడు. నోటీసు వారంలో ఆరు రోజులు అప్పటికే అయిపోయాయి. ఆఖరి రోజు మధ్యాహ్నం సారు మళ్లీ పోయి చూసి, పైకి రాసి పంపుతాడు. "నేను పొద్దుగాల ముందు పోయి సూస్త సార్" అన్నాను.

కార్ఖానాలో సంసారం

మరునాడు మొదటి బస్సుకు పోయాను. దూరం నుంచే కనబడింది. ఇంటి తలుపు మీద గళ్ల దుప్పటి, నాలుగు మూలలకు నాలుగు మేకులు. నడుమ మా నోటీసు. ఎదురుగా కార్ఖానా ముందు పొయ్యి పొగ.

లోపల సాంచాల నడుమ సంసారం. రెండు సాంచాల సందులో ముసలమ్మ మంచం, ఇంకో సందులో బియ్యం మూట, గిన్నెలు, బీడీల చాట. మీద రేకులు ఎండకు టకటకమంటున్నాయి. సాంచాలకు తగలగూడదు గనక ఇంటిల్లిపాదీ పక్కకు తిరిగి అడ్డంగా నడుస్తున్నారు. రెండు నెలలు నడిచేసరికి అదే అలవాటై, బయట వీధిలో కూడా అడ్డంగానే నడుస్తున్నారు.

సుగుణ చేతిలో గంటెతో ఎదురొచ్చింది. "వచ్చినవా చంద్రక్కా! రా, జర అడ్డం తిరిగి రా. సాంచాకు తాకకు, మా ఆయిన ఊకోడు. సూడు మా బతుకు. మా ఇంటికి దుప్పటి గప్పుమన్నవట?"

"నేనా? నేను కిస్తు సంగతి జెప్పిన!"

రాజేశం లోపలి నుంచి అడ్డంగా నడిచి వచ్చి చేతులు జోడించాడు. మాస్కు పైన కండ్లలో ఎంత సంతృప్తో. "అక్కా, నువ్వు జెప్పినట్టే జేసిన. నువ్వు ఫోన్ వెట్టిన దినమే బయటికొచ్చినం. గా దినంసంది గేటు దాటి లోపటికి పోలే. మీ సారు గూడ వచ్చి సూసి, కాయితం అంటిచ్చి పోయిండు."

"ఆ కాయితం సదివినవా?"

"గేటు దాటొద్దాయె, ఎట్ల సదువుత? ఈడికెల్లి ఆఫీసు ముద్ర, మొహర్, కనవడ్తుంది గదా. ఆఫీసోల్లు మొహర్ ఏసిండ్రంటె, మనం జేసింది కరెక్టే అన్నట్టు."

"కరెక్టట!" అని సుగుణ గంటె ఎత్తింది. "అక్కా, మొన్న ముద్ద దిగకుంటె, ఎనుక తలుపు తీసి తొక్కు జాడి తెచ్చుకున్న. దొంగతనమట! నాతోనే మల్ల లోపట వెట్టిచ్చిండు. తెచ్చుటానికి పోవుడు తప్పైతె, వెట్టుటానికి పోవుడు తప్పు గాదా అని అడిగిన. గా దినమంత నాతోని మాట్లాడలే."

"జాడి నీదే," అన్నాడు రాజేశం మెల్లగా. "జాడి ఉన్న అర్ర నీది గాదు. కిస్తు కడితె మనది. కూలి లేని సాంచా మీద చెయ్యేస్తమా? గిదీ గంతే."

మంచం మీది నుంచి ముసలమ్మ తల ఎత్తింది. "బిడ్డా, మా ఇంటికి జరం తక్కువైందా?" అని నన్ను అడిగింది. దుప్పటి కప్పి ఉండేసరికి ఇంటికి కరోనా వచ్చిందనుకుంది ఆమె. ఇంటి పేరున కొండగట్టు అంజన్నకు ముడుపు కూడా కట్టింది.

నవ్వు ఆగలేదు నాకు. కానీ నవ్వుతూనే ఆమె చేతులు చూశాను. రేకుల వేడికి చెమటకాయలు పొక్కి ఎర్రగా ఉన్నాయి. ఎనభై ఏండ్ల మనిషి. నవ్వు అక్కడే పోయింది.

"రాజేశం, మా సారు రాసిన కాయితం మీద సంతకం ఎందుకు వెట్టినవు?"

"ఉన్నది ఉన్నట్టే రాసిండు గదక్కా. ఇంట్ల ఎవ్వలు అడుగు వెట్టలే అని. సదివే వెట్టిన. తొక్కు జాడి సంగతి గూడ రాయాలె సారూ అన్న. అక్కెర లేదన్నడు."

"బ్యాంకోల్లు మూయిచ్చిండ్రు అన్నవట?"

"మరి మేం బ్యాంకోల్లనేది మిమ్ములనే గదా. మీ ఆఫీసాయన అని నాకెర్కనే. నేనెవలో ఆయినకు ఎర్క లేదని నాకెర్క లే."

నోటీసులో ఏముందో చెప్పాను. ఈ మధ్యాహ్నం సారు వచ్చేసరికి వాళ్లు ఇంట్లో ఉండాలి. లేకపోతే ఇల్లు పోతుంది. రాజేశం రోడ్డవతల ఇంటి వైపు చూశాడు. మాస్కు పైన కండ్లు నిండాయి.

"పోతదా అక్కా? ఏడేండ్లు కట్టిన."

"పోతది. అందుకే లే, సామాను ఎత్తుకో, నడువు."

నిలబడ్డ చోటు నుంచి కదలలేదు. "ఉండాలంటె కట్టాలె గదా. కట్టకుంట వోయి కూసుంటె, ఆఫీసోల్ల ముంగట అబద్దం ఆడినట్టే. ఇల్లు వోతె వోయింది గని, పైస గట్టకుంట పుక్కట్ల ఉన్నడు అనిపిచ్చుకోను."

"నీ ఇమాన్‌ల మన్ను వడ!" అంది సుగుణ. "ఎల్లుండి సాంచాలు షురూ అయితె ఆసామి ఈడికెల్లి గూడ ఎల్లగొడ్తడు. గీ ముసల్దాన్ని యాడ పండవెడ్తవు? నడి రోడ్డు మీదనా?"

నేను దాచిన సగం

తిట్టాను. బతిమాలాను. మేమే ఉండమంటున్నాం కదా అన్నాను. "మీ మంచితనం అది. మంచితనాన్ని అలుసు జేస్తమా?" అన్నాడు. పదకొండైంది. పన్నెండైంది. సారు జీపు కరీంనగర్ దాటి ఉంటుంది.

ఆ మనిషిని ఇంట్లోకి పంపే మాట ఒక్కటే ఉందని నాకు అప్పుడు తట్టింది. రెండు నెలల కింద నేను మింగిన మాట. దాన్ని ఇప్పుడు బయటికి తీయాలంటే నా తప్పును కూడా దానితో పాటు తీయాలి. ఏడుస్తాడేమో, తిడతాడేమో అని భయం. ఈ సంగతి వేరేచోట తెలిసినప్పుడు చాలామంది తిట్టారు మమ్మల్ని. ఒకాయన కోపంతో ఫోన్ నేలకేసి కొట్టి, మళ్లీ అదే ఫోన్‌తో నన్ను పిలిచి, "ఫోన్ వలిగింది, దీనికి గూడ లోనిస్తరా" అని అడిగాడు.

"రాజేశం, నీకు ఒక మాట జెప్పలే. తప్పు నాదే. కిస్తు బంద్ వెట్టిండ్రు గని, వడ్డీ బంద్ వెట్టలే. మీరు బయటున్న ఈ దినాలకు గూడ వడ్డీ వడ్డది. అసలుల గలిసింది. ఆఖర్ల ఇంకిన్ని నెల్లు ఎక్కువ కట్టాలె."

సుగుణ గంటె కింద పెట్టేసింది. రాజేశం మాస్కు కిందికి లాగాడు.

"వడ్డీ వడ్తుందా? నిజంగనా?"

"వడ్తుంది."

"రోజూనా?"

"రోజూ."

"నేను ఇంట్ల ఉన్నా, లేకున్నా?"

"ఉన్నా, లేకున్నా."

"అంటె పుక్కటిది గాదన్నట్టు!"

"ఒక్క దినం గూడ పుక్కటిది గాదు."

"గా మాట ముందుగాల జెప్పద్దా అక్కా!" అని ఒక్క కేక పెట్టాడు. రెండు నెలల తర్వాత మొదటిసారి నేరుగా నడిచి, రోడ్డు దాటి, గేటు తోసి, దుప్పటిని ఒక్క గుంజు గుంజాడు. నోటీసుతో సహా ఊడి వచ్చింది. తాళం తీసి, వెనక్కి వచ్చి తల్లిని రెండు చేతులతో ఎత్తుకుపోయి లోపల మంచం మీద పడుకోబెట్టాడు. వడ్డీ మాట విని సంబరపడ్డ మనిషిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

సుగుణ మాత్రం బియ్యం మూట చంకన పెట్టుకుని గడప మీద ఆగిపోయింది. వేళ్లు మడుస్తున్నది.

"ఆగక్కా. రెండు నెల్లు ఇంటికి వడ్డీ వడ్డది. మేం పన్నది కార్ఖానల. అంటె మేం పైసలు గట్టి, ఇంటిని ఒక్కదాన్నే ఆరాంగ వండవెట్టినమన్నట్టు!"

దుప్పటి మడుస్తున్న రాజేశం చేతులు ఆగాయి. ఈ లెక్క అతనికి అప్పుడే తగిలింది. నా వైపు చూశాడు.

"గా దినాలు మల్ల ఇస్తరా అక్కా? ఆఖర్ల కలుపుతరా?"

ఇవ్వరని చెప్పాను. ఈసారి మాత్రం వెంటనే చెప్పాను.

కారణం రాయవలసిన గడి

సారు రెండింటికి వచ్చాడు. అప్పటికి పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నది. ముసలమ్మ గోడను చేత్తో తడిమి, "దిగింది, సల్లగయింది" అంటున్నది. సారు రాజేశాన్ని చూసి గుర్తు పట్టాడు.

"మీరు ఎదురు షెడ్డు ఆయన కదండీ? ఇక్కడేం చేస్తున్నారు?"

"నా ఇల్లు సార్."

"మరి సాక్షి సంతకం?"

"నాదే సార్."

సారు అక్కడే పీట మీద కూలబడ్డాడు. సుగుణ నీళ్లిచ్చింది. నేను మొదటి నుంచి అంతా చెప్పాను. అటెండరు చంద్రవ్వ వడ్డీ సంగతి చెప్పలేదని రాయండి సార్ అన్నాను. రిటైర్మెంటుకు ఇంకా రెండేండ్లు ఉన్నాయి నాకు. ఆ రోజుతో కొలువు పోయిందనే అనుకున్నాను.

ఆయన సంచిలోంచి ఫారం తీశాడు. ఇల్లు మూసి ఉంచుటకు కారణం అని అందులో వేలెడంత గడి. పెన్ను పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏం రాయనమ్మా? కిస్తీ కట్టకుండా సొంతింట్లో ఉండటం ధర్మం కాదని షెడ్డులో కాపురం పెట్టాడు, అని రాస్తే పైవాళ్లు నన్ను ఆసుపత్రిలో చేర్పిస్తారు."

"ఉన్నది రాయాలె సార్," అన్నాడు రాజేశం.

"నువ్వు ఊరుకో!" "నువ్ సప్పుడు జెయ్యకు!" అని సారూ సుగుణా ఒక్కసారే అరిచారు.

సారు మరమ్మతులు అని రాసి, సంతకం పెట్టమని ఫారం తిప్పాడు. రాజేశం చదివి వెనక్కి ఇచ్చాడు. మరమ్మతులేవీ జరగలేదు గనక పెట్టనన్నాడు. సారు ప్రాధేయపడ్డాడు. జీపు డ్రైవరు వచ్చి నచ్చజెప్పాడు. ఉన్న ఇల్లు నిలబడాలంటే ఒక్క సంతకం చాలు, ఆ మనిషి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

సుగుణ లోపలికి పోయింది. సుత్తి తెచ్చింది. తలుపు చట్రానికి మిగిలిన దుప్పటి మేకులు నాలుగూ వంచి పీకింది. డబ్బాలోంచి సున్నం తీసి తడిపి, నాలుగు చిల్లుల్లో బొటనవేలితో కూరింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"ఇగో, మరమ్మత్ అయింది. వెట్టు సంతకం."

రాజేశం ఒక్కొక్క చిల్లు దగ్గరికీ పోయి వేలితో ఒత్తి చూశాడు. "ఇప్పుడు రాసింది నిజమే" అని సంతకం పెట్టాడు. కింద రెండు గీతలు. సారు నోటీసును నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత

నా మీద ఏ కాగితమూ రాలేదు. సారు నా తప్పును ఎక్కడా రాయలేదు. ఆయనను నేను మెచ్చుకునేది దానికి కాదు. తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఆయన ఒక మాట అన్నాడు. "ఎగ్గొట్టేవాడు ఏమేం చేస్తాడో నాకు ముప్పై రకాలు తెలుసమ్మా. ఇట్లాంటివాడు ఏం చేస్తాడో ఒక్కటీ తెలియదు." మన ఫారాలకూ అంతే. అబద్ధాలకు గడులన్నీ ఉన్నాయి, నిజాయితీపరులకు గడి లేక మరమ్మతులని రాయించాం. మీరు ఆ కుర్చీల్లో కూర్చున్నప్పుడు తాళం వేసిన ప్రతి తలుపు వెనుకా దొంగే ఉంటాడనుకోకండి.

నేను చేసింది మాత్రం తప్పే. దయతో దాచానని చెప్పుకుంటే ఎవరికేం లాభం? ముసలమ్మ చేతుల మీద పొక్కులు దయతో వచ్చినవి కావు. ఆ మాట దాచింది ఒక్క రాజేశం దగ్గరే కాదు గనక మరునాడు జాబితా మళ్లీ మొదటి నుంచి తీశాను. అందరికీ ఫోన్ చేసి, ముందు వడ్డీ సంగతి చెప్పి, తర్వాతే బాగోగులు అడిగాను. నాలుగు రోజులు తిట్లు తిన్నాను. తిట్టినవాళ్లలో సగం మంది, "చెప్పినవు గద, మంచిదాయె" అని ఫోన్ పెట్టేశారు.

ఆలోపే ఇంకో మూడు నెలలు ఆపుకోవచ్చని ఉత్తర్వు వచ్చి ఉంది. రాజేశానికి ఫోన్ చేశాను. వడ్డీ నడుస్తుంది అని మొదలుపెట్టేసరికే సుగుణ ఫోన్ గుంజుకుంది. వెనుక సాంచాల చప్పుడు హోరుగా వినబడుతున్నది.

"వద్దు చంద్రక్కా, నీకు దండం. పని షురూ అయింది, మేం కట్టుకుంటం. ఒక్కపారి ఆరాం జేసినందుకే మా నడుములు వోయినయి!"

నాకు తెలిసిన కొలువు ఇంతే. ఇగ లేవండి, మీ మీ పనుల్లోకి పొండి. మీరు కట్టుకునే ఇంటికి పొద్దటి ఎండ తగలాలి. మీ ముసలివాళ్లకు అందులో గాలి వచ్చే మూల దొరకాలి. ఆ గోడల మీద మీ పిల్లలు బొగ్గుతో గీతలు గీసి, మీతో తిట్లు తిని, మళ్లీ గీయాలి. పిల్లా జెల్లతో, గొడ్డూ గోదతో చల్లగా ఉండండి.